లెక్క చెప్పాల్సింది ఎవరికి?

భోపాల్ గురించి మనందరికీ తెలుసు. కానీ భోపాల్ వల్ల అమెరికాలో పుట్టిన ఒక చట్టం గురించి, అదే అమెరికాలో ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళలో చాలామంది విని ఉండరు. చట్టం అనగానే ఆవులింత వస్తుందని నాకూ తెలుసు. కాస్త ఓపిక పట్టండి, ఇది మన వృత్తికి బాగా దగ్గరి కథ. ఒక డేటాబేస్ కథ. ఒక్క పొగగొట్టానికి కూడా తాళం వెయ్యకుండా, ఉత్త పట్టిక ఒకటి జనం ముందు పెట్టి పెద్ద పెద్ద కంపెనీలని కదిలించిన కథ.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ట్యాంకులోకి నీళ్ళు చేరి దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ గాల్లో కలిసింది. నిద్రలోనే వేలమంది పోయారు. ప్రాణాలతో ఆసుపత్రికి చేరినవాళ్ళకి కూడా ఏ విషానికి వైద్యం చెయ్యాలో డాక్టర్లకి స్పష్టంగా తెలీలేదు. గోడకి ఆనుకుని బతుకుతున్న బస్తీవాళ్ళకి ఆ గోడవతల ఏముందో ఏనాడూ ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో ట్యాంకు పగుళ్ళకంటే పెద్ద నేరం ఇదే.

అమెరికాలో అప్పట్లో మిథైల్ ఐసోసైనేట్ తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. అదీ కార్బైడ్‌దే, వెస్ట్ వర్జీనియాలో ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్ళో. భోపాల్ తర్వాత ఆ ఊరివాళ్ళు భయపడితే, ఇక్కడ అలా జరగదని కంపెనీ ధైర్యం చెప్పింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 1985 ఆగస్టు 11న, అక్కడే ఆల్డికార్బ్ ఆక్సైమ్ అనే ఇంకో రసాయనం లీకయ్యింది. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు గానీ నూట ముప్ఫై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కడో ఇండియాలో అనుకున్నది పెరట్లోకి వచ్చేసరికి అమెరికా పార్లమెంటులో కదలిక వచ్చింది.

ఫలితంగా 1986 అక్టోబరు 17న రీగన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. పేరు చాంతాడంత ఉంటుంది, తెలుగులో చెప్పుకోవాలంటే అత్యవసర ప్రణాళిక, ప్రజల తెలుసుకునే హక్కు చట్టం. న్యూజెర్సీ సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ దీనికోసం గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఒకరు. ఇందులో 313వ సెక్షనే మన కథానాయకుడు. పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే ఫ్యాక్టరీ, జాబితాలో ఉన్న విషరసాయనాన్ని ఒక మోతాదు దాటి వాడితే, ఏడాదిలో ఎంత గాల్లోకి వదిలింది, ఎంత నీళ్ళలోకి, ఎంత మట్టిలోకి, ఎంత బయటికి పంపింది అన్నది 'ఫారం ఆర్' అనే కాగితం మీద రాసివ్వాలి. తయారీకైతే ఆ మోతాదు 25,000 పౌండ్లు, అంటే సుమారు 11 టన్నులు (మొదటి రెండేళ్ళూ ఇంకాస్త వెసులుబాటు ఇచ్చారు). మొదట్లో జాబితాలో మూడొందల పైచిలుకు రసాయనాలుండేవి, ఇప్పుడు ఎనిమిది వందల దాకా ఉన్నాయి.

ఇంతవరకూ ఏ గుమస్తా అయినా తయారుచెయ్యగల ఫారమే. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఈ సమాచారాన్ని కంప్యూటర్ డేటాబేస్‌లో పెట్టి, జనం దూరం నుంచే చూసుకునేలా అందుబాటులో ఉంచాలని చట్టంలోనే రాసేశారు. సంవత్సరం గమనించండి, 1986! టిమ్ బెర్నర్స్ లీ వెబ్ గురించి తన మొదటి ప్రతిపాదన రాసింది 1989లో. అంటే వెబ్ పుట్టకముందే, మోడెమ్‌ల రోజుల్లోనే, విషాల లెక్క పబ్లిక్ డేటా అయిపోయింది.

1987 సంవత్సరానికి మొదటి ఫారాలు ఇవ్వాల్సిన గడువు 1988 జులై 1. దానికి సరిగ్గా ఒకరోజు ముందు మొన్సాంటో అధిపతి రిచర్డ్ మహోనీ, 1992 చివరికల్లా ప్రపంచమంతటా తమ ఫ్యాక్టరీలు గాల్లోకి వదిలే విషాల్ని 90 శాతం తగ్గిస్తామని ప్రకటించాడు. తగ్గించమని ఏ కోర్టూ చెప్పలేదు, ఏ ఇన్‌స్పెక్టరూ నోటీసివ్వలేదు. మర్నాడు తమ అంకెలు బయటపడతాయన్న బెరుకు ఒక్కటే! అప్పటిదాకా ఆ అంకెలన్నీ ఒకచోట కూడి చూసుకోవాల్సిన అవసరం చాలా కంపెనీలకి రాలేదు. సొంత లాగ్ ఫైలు మొదటిసారి తెరిచి చూసుకున్నట్టన్నమాట.

1989లో లెక్కలు బయటికొచ్చాక పత్రికలు పేజీలకి పేజీలు నింపాయి. జేమ్స్ హామిల్టన్ అనే ఆర్థికవేత్త తర్వాత లెక్కేసి చూస్తే, ఈ జాబితాకెక్కిన కంపెనీల షేర్ల విలువ ఆ ఒక్కరోజే సగటున 41 లక్షల డాలర్లు పడిపోయిందని తేలింది. 1991లో ప్రభుత్వం 17 రసాయనాలు ఎంచుకుని, 1988తో పోలిస్తే 1995కల్లా సగానికి తగ్గించండి, బలవంతమేమీ లేదు, అని కంపెనీల్ని అడిగింది. ఏడాది ముందే, 1994లోనే ఆ లక్ష్యం చేరారు. 1998లో ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ అనే సంస్థ స్కోర్‌కార్డ్ పేరుతో ఒక సైటు పెట్టింది. జిప్ కోడ్ కొడితే చాలు, మీ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఏం వదులుతోందో వచ్చేసేది. మనవాళ్ళు అమెరికాలో ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు చూస్తారు, గుడి ఎంతదూరమో చూస్తారు. ఇది మాత్రం ఎవరూ చూసినట్టు నాకు తెలీదు!

అయితే అంతా శుభమేనా అంటే, కాదు. ఇందులో బగ్గులు చాలానే ఉన్నాయి.

మొదటిది, ఈ అంకెలు కంపెనీ తనకు తాను చెప్పేవి. ప్రతి గొట్టానికీ మీటరు పెట్టి కొలవాలని చట్టం అడగదు. అంచనా వేసి రాయొచ్చు. డి మార్కీ, హామిల్టన్ అనే ఇద్దరు 2006లో ఈ అంకెల మీద బెన్‌ఫోర్డ్ సూత్రం ప్రయోగించారు. సహజంగా పోగైన అంకెల్లో మొదటి స్థానంలో 1 దాదాపు 30 శాతం సార్లు వస్తుందన్న ఆ సూత్రం మనలో చాలామందికి పరిచయమే. సీసం, నైట్రిక్ ఆమ్లం లెక్కలు ఆ పరీక్షలో నిలబడలేదు. గాలిని విడిగా కొలిచిన యంత్రాలు కూడా ఆ కాగితాలంత ఆనందంగా లేవు.

రెండోది, ఒక పౌండు పాదరసం, ఒక పౌండు అమ్మోనియా ఈ పట్టికలో ఒకటే. మొదటి ఏడాది మొత్తంలో సగానికి పైగా ఉన్నది సోడియం సల్ఫేట్. దానివల్ల పెద్ద ప్రమాదం లేదని 1989లో జాబితాలోంచి తీసేశారు. తీసేసిన మర్నాడు దేశంలో కాలుష్యం సగమయ్యిందని ఎవరైనా గ్రాఫు గీస్తే అది గాలికి వచ్చిన మార్పు కాదు, స్కీమాకి వచ్చిన మార్పు.

మూడోది, రాజకీయం. 2006 డిసెంబరులో బుష్ ప్రభుత్వం చాలా ఫ్యాక్టరీలకి పెద్ద ఫారం బదులు పొట్టి ఫారం చాలనేసింది. 2009లో పార్లమెంటు మళ్ళీ పాత పద్ధతికే తెచ్చింది. డేటా ఒకసారి పబ్లిక్ అయినంత మాత్రాన ఎప్పటికీ పబ్లిక్‌గా ఉండిపోదు, ఎవరో ఒకరు కాపలా కాయాల్సిందే.

ఇన్ని లోపాలున్నా దీన్ని నేను గొప్ప ఆవిష్కరణే అంటాను. ఎందుకంటే ఆ లోపాల్ని పట్టుకోగలిగింది కూడా డేటా బయట ఉండబట్టే. అబద్ధమైనా సరే సంతకం పెట్టి అందరిముందూ చెప్పాల్సివస్తే, దాన్ని తప్పని నిరూపించడానికి ఒక దారి దొరుకుతుంది. బీరువాలో ఉన్న అబద్ధానికి ఆ దారి కూడా లేదు.

మరి భోపాల్ ఎవరి గడ్డ మీద జరిగిందో ఆ దేశం సంగతి? మనమేం చట్టాలు చెయ్యలేదని కాదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ఫ్యాక్టరీ యజమాని చుట్టుపక్కల జనానికి కూడా సమాచారం ఇవ్వాలని 41బి సెక్షన్ చేర్చారు. ప్రతి ఏడాదీ సెప్టెంబరు 30కల్లా 'ఫారం 5' అనే పర్యావరణ నివేదిక కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. ఎంత వదిలారో రాసే గడులు అందులోనూ ఉన్నాయి. కాగితం మీద చూస్తే అమెరికాకేం తీసిపోం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. అత్యవసర సైరన్ మోగలేదు. జనం లేచి, ఎటు పరుగెత్తాలో తెలీక రోడ్ల మీదే పడిపోయారు. స్టైరీన్ అనే మాట ఆ ఊళ్ళో చాలామంది విన్నది ఆ రోజు టీవీలోనే. భోపాల్ జరిగిన 35 ఏళ్ళ తర్వాత కూడా గోడవతల ఏముందో గోడ ఇవతలవాళ్ళకి తెలీదు.

తేడా ఎక్కడుందంటారా? అమెరికా ఫారం పక్కింటివాడికి లెక్క చెబుతుంది. మన ఫారం ఆఫీసుకి లెక్క చెబుతుంది. పర్యావరణ అనుమతి షరతు ఉన్న కంపెనీలు దాన్ని తమ సైట్లో పెట్టాలి గానీ, అది ఏ మూలనో స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా పడి ఉంటుంది. ఊరి పేరు కొడితే చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలన్నిటి లెక్కలూ పక్కపక్కన చూపించే చోటు మాత్రం దేశంలో ఇప్పటికీ లేదు.

ఇది డబ్బుల సమస్యా? ఆధార్ నడిపిన దేశానికి ఇదో లెక్కా! కొత్త చట్టం కూడా అక్కర్లేదనే నా అభిప్రాయం. ఫారం ఉంది, గడులున్నాయి, ఏటా నింపుతున్నారు కూడా. అంటే టేబుల్ ఉంది, డేటా ఉంది. జనానికి రీడ్ పర్మిషన్ ఇవ్వలేదు, అంతే.