మొదటి పిలుపుకే ఎందుకు ఆలస్యం?

సూరత్‌ మరమగ్గాలపై తెలంగాణ నుంచి వెళ్లిన నేతన్నలు ఎందరో పనిచేస్తున్నారు. ఒక పడుగు అయిపోయాక అదే రకం గుడ్డ నేయాలంటే, వేల పోగులను మళ్లీ ఒక్కొక్కటిగా అచ్చులోకి ఎక్కించనక్కర్లేదు. పాత పడుగు కొసలకు కొత్త పోగులను అతికితే చాలు. ఒకసారి చేసిన సన్నాహం మళ్లీ పనికొస్తుందన్నమాట. డేటాబేస్‌ సర్వర్లూ ఈ పాఠమే నేర్చుకోవలసి వచ్చింది.

1970లలో ఐబీఎం రూపొందించిన సిస్టం ఆర్‌, ప్రశ్నలను ముందే యంత్రభాషలోకి మార్చి దాచుకునేది. 1986లో బర్కిలీలో మైకేల్‌ స్టోన్‌బ్రేకర్‌ బృందం ప్రారంభించిన పోస్ట్‌గ్రెస్‌ మరో సౌకర్యం కల్పించింది. మార్కులను బట్టి గ్రేడు నిర్ణయించడం వంటి పనికి మనమే ఒక ఫంక్షన్‌ రాసి సర్వర్‌కు అప్పగించవచ్చు.

అయితే ఆ ఫంక్షన్‌ ఉన్న లైబ్రరీని సర్వర్‌ మెమొరీలోకి తెచ్చుకునేది మొదటిసారి పిలిచినప్పుడే. అందుకే తొలి జవాబు ఆలస్యం, తరువాతివి వేగం. పైగా ఇందులో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ ఉంటుంది. కనెక్షన్‌ మారితే ఆలస్యం మళ్లీ మొదలు! కౌంటర్‌ ముందు నిలబడిన మనిషికి ఆ నిరీక్షణ తప్పదు.

2003లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ 7.4 దీనికి ఉపాయం చూపింది. సర్వర్‌ మొదలైనప్పుడే లైబ్రరీని మాతృ ప్రాసెస్‌లోకి ఎక్కిస్తే, దాని నుంచి పుట్టే ప్రాసెస్‌లన్నిటికీ అది సిద్ధంగా సంక్రమిస్తుంది. తెరిచిన కనెక్షన్‌ను మూయకుండా పదేపదే వాడుకోవడం మరో మార్గం.

శ్రమ మాయం కాలేదు. సర్వర్‌ మొదలవడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, కానీ అప్పుడు కౌంటర్‌ ముందు ఎవరూ ఉండరు.