ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ – మన రహీం సాహెబు

స్కోఫీల్డ్స్‌లో బంతి వెంట పరుగెత్తే మన పిల్లలకు మేము వినిపించదలచిన కథ ఇది.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం గెలిచిన స్వర్ణాలు రెండే. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు విజేతలయ్యారు. రెండు జట్లకూ శిక్షకులు హైదరాబాదు ఉపాధ్యాయులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియానే 4-2తో ఓడించిన జట్టూ ఆయన తీర్చిదిద్దినదే!

జకార్తా నాటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963లో కన్నుమూశారు. అటు తర్వాత, 2023 హాంగ్‌జౌ వరకు, ఆ ఆటలో మనకు దక్కినది 1970 నాటి కాంస్యం ఒక్కటే.

పతకాలు దేశం లెక్కలో చేరతాయి. వాటి వెనుకనున్న గురువు పేరు పిల్లలకు మనం చెప్పకపోతే మరెవరు చెబుతారు?