పన్ను మలేరిలో, తోక ఆస్ట్రేలియాలో

మానేరు ఒడ్డున చేపలు కొనేవాళ్లు మొప్ప ఎత్తి రంగు చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు. తోక జోలికి ఎవరూ పోరు. చేప బతుకుతెరువు తెలిసేది మాత్రం అక్కడే. రవ్వ తోక రెండుగా చీలి ఉంటుంది, అలుపు లేకుండా ఈదడానికి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్టది విసనకర్ర లాంటి గుండ్రటి తోక. నాచులో నక్కి, ఒక్క ఊపుతో ఎర మీద పడడానికి అది చాలు.

ఈ తోకల పాత లెక్కలు ప్రాణహిత లోయ రాళ్లలో ఉన్నాయి.

నాగపూర్‌లో మతప్రచారకుడిగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్‌కు పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి దగ్గరి ఎర్రమట్టిలో చేపల పళ్లు దొరికాయి. వాటి వయసు ఇరవై కోట్ల ఏళ్ల పైమాటే. అవి సెరటోడస్ అనే చేప జాతివని 1859లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ ఓల్డ్‌హామ్ వర్ణించాడు. ఒంట్లో గట్టి భాగం పళ్లే కాబట్టి అవే మిగిలాయి. తోక సంగతి రాయి చెప్పలేదు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన ఒక చేప నోట్లో అలాంటి పళ్లే కనిపించాయి. జంతుశాస్త్రవేత్త జెరార్డ్ క్రెఫ్ట్ దానికీ సెరటోడస్ పేరే పెట్టాడు. దాని తోకకు చీలిక లేదు, చివరికి సన్నబడుతూ పోతుంది.

ప్రాణహిత అవతలి ఒడ్డున, ఇప్పటి మహారాష్ట్రలో కోట గ్రామం ఉంది. అక్కడి సున్నపురాళ్లలో దొరికిన చేపకు 1851లోనే లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. పెంకుల్లా మెరిసే మందపు పొలుసులు దానివి. ఆ పొలుసుల వరుస తోక పైభాగంలోకి కొంచెం పాకి ఆగిపోతుంది. సొరచేపకైతే వెన్నెముకే తోక పైకొమ్మలోకి సాగుతుంది, రవ్వకు తోక రెక్క మొదట్లోనే ముగుస్తుంది. లెపిడోటస్ ఆ రెంటి మధ్య మజిలీ. ఇదే శిలల నుంచి శాస్త్రవేత్త ఎస్.ఎల్. జైన్ 1974లో ఇండోసీలకాంథస్‌ను వర్ణించాడు. అంతరించిందనుకున్న ఆ సీలకాంత్ వంశపు చేప, మూడు పాయల తోకతో, 1938లో దక్షిణాఫ్రికా తీరంలో సజీవంగా వలలో పడింది.

శిల్పులు, కథకులు కూడా తోకతోనే జాతి తేల్చారు. గంగమ్మ వాహనమైన మకరానికి మొసలి నోరు, ఏనుగు తొండం ఉన్నా, పాత శిల్పాల్లో తోక చేపదే. తర్వాతి మకరతోరణాల్లో అది తీగచుట్టగా మారింది. నాగలాపురం వేదనారాయణస్వామి నడుము కింద మత్స్యరూపం. మన మైరావణ కథలో హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు. థాయిలాండ్ రామకథలో ఆ కొడుకు పేరు మచ్చాను, ఒళ్లు కోతిది, తోక చేపది.

పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర అవే కోట శిలల్లో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాన్ని చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, ఆ రాళ్లలోనే ఉన్న చేపల గురించి కూడా ఒక మాట చెప్పండి.