లెక్క తేల్చింది శత్రువే

సింగపూరు వచ్చినవాళ్ళు మెర్లయన్ ముందు ఫొటో దిగుతారు, సెంటోసా చూస్తారు, ముస్తఫాలో బంగారం ధర కనుక్కుంటారు. ఉత్తరపు కొసనున్న క్రాంజి దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో పోయి, సమాధి కూడా దక్కని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. అందులో మన దేశపు సిపాయిలే వేలమంది.

ఈ ద్వీపం మీదే చనిపోయినా, ఆ గోడ ఎక్కని కుర్రాడొకడున్నాడు. పేరు జాన్ హేబర్‌ఫీల్డ్, ఊరు న్యూజిలాండ్. అతను బ్రిటిష్ నౌకాదళంలో యుద్ధవిమానం నడిపాడు. క్రాంజి గోడ పదాతి, వైమానిక దళాలది. నావికాదళం వాళ్ళకి వాళ్ళ స్మారకాలు వేరే ఉన్నాయి.

1945 జనవరి 24న సుమత్రాలోని పాలెంబాంగ్ నూనెశుద్ధి కర్మాగారాల మీద దాడి జరిగింది. జపాన్ విమానాల ఇంధనంలో పెద్ద వాటా అక్కడినుంచే వచ్చేది. ఇండామిటబుల్ అనే ఓడ మీదినుంచి హెల్‌క్యాట్‌లో లేచిన హేబర్‌ఫీల్డ్ తిరిగి రాలేదు. ఇంటికి చేరిన కబురు ఒక్కటే మాట: గల్లంతు.

నిజానికి అతను బతికే పట్టుబడ్డాడు. ఆ దాడుల్లో దొరికిన మరికొందరితో పాటు సింగపూరు తెచ్చారు. యుద్ధం ముగిసే రోజుల్లో తొమ్మిదిమందినీ చాంగి సముద్రపు ఒడ్డున తల నరికి చంపి, శవాలను సముద్రంలో పడేశారు. బాధ్యుడైన జపాన్ అధికారి 1945 చివర్లో ఆత్మహత్య చేసుకుంటూ ఉత్తరం రాసిపెట్టాడు కాబట్టి ఈ సంగతి బయటపడింది.

మన దగ్గర కూడా ఇలాంటిదే ఒకటుంది. 1965 సెప్టెంబరు 7న సర్గోధా దాడికి వెళ్ళిన కొడగు వీరుడు అజ్జమాడ దేవయ్య తిరిగి రాలేదు. పాతకాలపు మిస్టియర్‌తో, అంతకంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ని కూల్చాడన్న సంగతి మనవాళ్ళకి తెలీదు. పాకిస్తాన్ వైమానిక దళం తరఫు కథ చెబుతూ జాన్ ఫ్రికర్ 1979లో రాసిన పుస్తకంతో అది తెలిసింది. 1988లో మహావీర చక్ర ఇచ్చారు. అంటే 23 ఏళ్ళ తరవాతన్నమాట!

అవతలివాడు నోరు విప్పకపోతే? 1971 డిసెంబరు 5న విజయ్ తాంబే అనే పైలట్ విమానం పాకిస్తాన్‌లో కూలింది. ఆయన భార్య దమయంతి జాతీయ బాడ్మింటన్ విజేత. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండకుండా మొదలైన ఎదురుచూపు దశాబ్దాలు సాగింది.

మన ఇళ్ళల్లో తిథి తెలిస్తేనే తద్దినం. గల్లంతైనవాడికి తిథి ఉండదు, తద్దినం ఉండదు, వీధి తలుపు గడియ పెట్టడానికి చెయ్యి రాదు. యుద్ధం గెలవడం ఒక ఎత్తు. చేతికి చిక్కిన శత్రుసైనికుడు ఏమయ్యాడో నిజం చెప్పడం ఇంకో ఎత్తు. దానికి సంధిపత్రం అక్కర్లేదు, ఒక్క ఉత్తరం చాలు.