అరువు సొమ్ములతో గీసిన గ్రాఫులు

పైథాన్ రాసేవాళ్ళలో మాట్‌ప్లాట్‌లిబ్ ముట్టనివాళ్ళు తక్కువ. ఇంపోర్ట్ అని ఒక లైను, ప్లాట్ అని ఇంకో లైను, షో అని మూడో లైను. అంతే, గ్రాఫు తయారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీను మీద గబగబా కొన్ని పేర్లు పరుగెత్తుతాయి, ఎప్పుడైనా గమనించారా? నంపై, పిల్లో, కివీసాల్వర్, కాంటూర్‌పై, సైక్లర్, ఫాంట్‌టూల్స్, పైపార్సింగ్, డేట్‌యుటిల్, ప్యాకేజింగ్... మనం అడిగింది ఒక్క లైబ్రరీ. వచ్చింది పెళ్ళివారి బస్సు.

వీటినే డిపెండెన్సీలు అంటాం. ఒక ప్రోగ్రాము తన పని కోసం వేరేవాళ్ళు రాసిన కోడ్ మీద ఆధారపడటం అన్నమాట. "అరువు సొమ్ములు బరువు చేటు" అని మనకో సామెత ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అరువు సొమ్ము లేకుండా ఎవరూ గడప దాటలేరు. ఎవరి దగ్గర తెచ్చుకోవాలి, ఎన్నాళ్ళు ఉంచుకోవాలి, అవతలివాడు మనసు మార్చుకుంటే ఏం చెయ్యాలి, ఇవే ప్రశ్నలు. ఈ మూడింటికీ ఇరవయ్యేళ్ళకి పైగా జవాబులు వెతుకుతూ వచ్చింది మాట్‌ప్లాట్‌లిబ్. ఆ జవాబుల్లో ఒకటి నేరుగా మన తెలుగుకే తగిలింది. అక్కడికి చివర్లో వస్తాను.

కథ మొదలైంది కూడా ఒక డిపెండెన్సీ చికాకుతోనే. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు షికాగోలో మూర్ఛ రోగుల మెదడు సంకేతాల మీద పరిశోధన చేసేవాడు. ఆ సంకేతాలు చూసే సాఫ్ట్‌వేర్‌కి వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్కటే లైసెన్సు. డాంగుల్ అని కంప్యూటర్ వెనక గుచ్చే చిన్న తాళంచెవి లాంటిది ఉంటుంది. అది ఎవరి మెషీన్‌కి ఉంటే వాళ్ళదే పని, మిగతావాళ్ళు వంతు కోసం ఎదురుచూడాలి. ఈ బాధ పడలేక మాట్‌ల్యాబ్‌లో సొంతంగా రాసుకున్నాడు. అది పెద్దదయ్యేకొద్దీ మాట్‌ల్యాబ్ కూడా ఇరుకైపోయింది. అప్పుడు పైథాన్ వైపు తిరిగాడు. 2002లో ఐపైథాన్ రాస్తున్న ఫెర్నాండో పెరెజ్‌కి ఒక ప్యాచ్ పంపాడు, ఐపైథాన్ నుంచే గ్రాఫులు గీసుకునేలా. పెరెజ్ అప్పుడు పీహెచ్‌డీ పూర్తిచేసే హడావిడిలో ఉండి, ఇప్పుడు చూడటం కుదరదన్నాడు. సరే అని హంటర్ వేరే ప్రాజెక్టే మొదలుపెట్టాడు. 2003లో మాట్‌ప్లాట్‌లిబ్ మొదటి విడుదల వచ్చింది. పెరెజ్‌కి ఆ వారం తీరిక ఉండి ఉంటే ఈ లైబ్రరీ ఐపైథాన్‌లో ఒక మూల ఉండిపోయేదేమో :)

గ్రాఫు గియ్యాలంటే ముందు అంకెలు దాచుకోవడానికి ఒక పెట్టె కావాలి. ఆ రోజుల్లో పైథాన్‌లో దానికి రెండు వర్గాలుండేవి. ఒకటి జిమ్ హ్యూగునిన్ 1995లో మొదలుపెట్టిన న్యూమరిక్. రెండోది హబుల్ టెలిస్కోపు బొమ్మలతో కుస్తీ పట్టే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ నమ్‌అరే. చిన్న లెక్కలకి న్యూమరిక్ వేగం, పెద్ద బొమ్మలకి నమ్‌అరే వేగం. ఒకదాని పెట్టె ఇంకోదానికి సరిగ్గా అతకదు. గ్రాఫుల లైబ్రరీ ఎవరి పక్షాన ఉండాలి?

హంటర్ ఇద్దరికీ పీట వేశాడు. న్యూమరిక్స్ అని మధ్యలో ఒక పొర పెట్టాడు. మీ సెట్టింగ్స్ ఫైల్లో ఏది రాసుకుంటే లోపల అది నడుస్తుంది. వినడానికి బాగుంది గానీ, లోపలి సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని రెంటికీ విడివిడిగా కంపైల్ చెయ్యాల్సి వచ్చేది, ప్రతి తప్పునీ రెండుచోట్ల వెతకాల్సి వచ్చేది. రెండు పడవల మీద కాళ్ళు అంటే ఇదే. చివరికి ట్రావిస్ ఓలిఫెంట్ రెండు వర్గాలనీ కలిపి నంపై తయారుచేశాడు. 2006 అక్టోబర్లో నంపై 1.0 వచ్చింది. ఆ తర్వాత మధ్య పొర మెల్లగా తెరమరుగైంది. నాకిక్కడ నచ్చిన సంగతి ఏంటంటే, రెండు డిపెండెన్సీల గొడవని కోడ్‌తో సర్దిచెప్పడం కొంతవరకే కుదిరింది. అసలు పరిష్కారం ఎవరో ఒకాయన కూర్చుని రెండు ఊళ్ళనీ ఒప్పించినప్పుడే వచ్చింది.

అంకెల సంగతి అది. ఇక గీత. నున్నగా, మెట్లు మెట్లుగా కనపడకుండా గీత గియ్యడం అంత తేలిక కాదు. జీటీకే, పోస్ట్‌స్క్రిప్ట్, జీడీ లాంటివి చూశాక హంటర్ దృష్టి యాంటీ గ్రెయిన్ జామెట్రీ మీద పడింది. పొట్టిగా ఆగ్ అంటారు. మాక్సిం షెమనరెవ్ అనే ఆయన రాసిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. దీన్ని సిస్టంలో వెతుక్కోకుండా, ఆ సోర్సు మొత్తాన్ని తన ప్రాజెక్టు ఫోల్డర్లోనే పెట్టేసుకుంది మాట్‌ప్లాట్‌లిబ్. దీన్నే వెండరింగ్ అంటారు. పక్కింటికెళ్ళి రోజూ పెరుగు తోడు అడక్కుండా మనింట్లోనే ఓ గిన్నె తోడు దాచుకోవడం లాంటిది.

ఆ దాచుకోవడమే కాపాడింది. ఆగ్ 2.4 దాకా లైసెన్సు ఉదారంగా ఉండేది, ఎవరైనా ఎందులోనైనా కలుపుకోవచ్చు. 2006లో వచ్చిన 2.5 నుంచి జీపీఎల్ అయింది. మాట్‌ప్లాట్‌లిబ్‌ది బీఎస్‌డీ తరహా లైసెన్సు, జీపీఎల్ కోడ్ కలిపితే మొత్తం పంపిణీ షరతులే మారిపోతాయి. అందుకని 2.4 దగ్గరే ఆగిపోయారు. హంటర్ 2012 ఆగస్టు 28న క్యాన్సర్ చికిత్సలో వచ్చిన సమస్యలతో చనిపోయాడు, అప్పటికి ఆయనకి 44 ఏళ్ళు. షెమనరెవ్ 2013లో పోయాడు. ఇద్దరూ లేరు, కోడ్ మాత్రం అదే ఫోల్డర్లో ఉండి గీతలు గీస్తూ వచ్చింది. 2019లో ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం బొమ్మ వెనకున్న సాఫ్ట్‌వేర్‌లలో మాట్‌ప్లాట్‌లిబ్ కూడా ఒకటి.

మరి అన్నీ ఇలాగే దాచుకుంటే పోలా? ఒకప్పుడు అదే చేశారు. తేదీలకి డేట్‌యుటిల్, టైం జోన్లకి పైటీజెడ్, గణిత సూత్రాలు చదవడానికి పైపార్సింగ్, అన్నిటి కాపీలూ లోపలే ఉండేవి. ఎందుకంటే అప్పట్లో పైథాన్‌లో ఇంకొకరి ప్యాకేజీ తెచ్చుకోవడమే ఒక యజ్ఞం. ఈజీ ఇన్‌స్టాల్ 2004లో, పిప్ 2008లో వచ్చాయి. సీ కోడ్ ఉన్నవైతే విండోస్ వాళ్ళకి చుక్కలు కనపడేవి. కానీ లినక్స్ పంపిణీలవాళ్ళకి ఈ కాపీలంటే అస్సలు పడదు. ఒక లైబ్రరీలో భద్రతాలోపం బయటపడితే పది ప్రాజెక్టుల్లో దాక్కున్న పది కాపీలనీ ఎవరు సరిచేస్తారు? పైగా లోపలి కాపీ పాతబడి, బయటిది కొత్తదై, రెండూ ఒకే ప్రోగ్రాములో తారసపడితే వచ్చే తలనొప్పి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. హంటర్ తర్వాత పగ్గాలు పట్టుకున్న మైకేల్ డ్రోట్‌బూమ్ కాలంలో, 2013లో వచ్చిన 1.3తో ఇన్‌స్టాల్ వ్యవహారాన్ని తిరగరాసి ఈ కాపీలని బయటికి పంపించారు.

తర్వాత ఇంకో చిత్రం జరిగింది. సొంత కోడ్‌లోనే కొన్ని ముక్కలు పెరిగి పెద్దవై వేరు కాపురం పెట్టాయి. గీతల రంగులు వరసగా తిప్పే సైక్లర్ అలా విడిపోయిందే. సమోన్నత రేఖలు గీసే కాంటూర్‌పై 2022లో 3.6తో విడిపోయింది. మొదట్లో చెప్పిన జాబితాలో వీళ్ళ పేర్లు అందుకే ఉన్నాయి. ఆ జాబితా వెనక సిక్స్ అని ఒక అతిథి కూడా వస్తాడు. పైథాన్ 2కి, 3కి ఒకే కోడ్ నడవడానికి పుట్టినవాడు. మాట్‌ప్లాట్‌లిబ్ 2018లోనే పైథాన్ 2ని వదిలేసింది, పైథాన్ 2 మద్దతు కూడా 2020 జనవరితో ముగిసింది. అయినా 3.10 వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే డేట్‌యుటిల్ చెయ్యి పట్టుకుని సిక్స్ కూడా దిగుతాడు. చుట్టానికి చుట్టం, పొమ్మనలేం.

ఇవన్నీ పేర్ల గొడవలు. అసలు ప్రమాదం కంపైల్ అయిన కోడ్‌తో. నంపై 1.0కి, 2024 జూన్‌లో వచ్చిన 2.0కి మధ్య దాదాపు 18 ఏళ్ళు. ఇన్నేళ్ళూ పాత నంపైతో కంపైల్ చేసిన లైబ్రరీ కొత్త నంపైతో కూడా నడిచేది. 2.0లో ఆ లోపలి ఒప్పందం, అంటే మెమరీలో దేని పక్కన ఏది ఉంటుందనే అమరిక, మారింది. మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా పాత బైనరీలు ఇంపోర్ట్ దగ్గరే కూలిపోతాయి. ఆ ఏడాది మేలో వచ్చిన మాట్‌ప్లాట్‌లిబ్ 3.9 దీనికి ముందే సిద్ధమై వచ్చింది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో వెర్షన్ అంకె రాయకుండా ఉత్త పేర్లు రాసుకున్నవాళ్ళు మాత్రం ఆ వారం బాగా తిట్టుకున్నారు. నాకు తెలిసిన ఒక టీంలో రెండు రోజులు రిపోర్టులే రాలేదు. లాక్ ఫైల్ వాడండి అని చెప్తే చాదస్తం అనుకుంటారు గానీ, అది విత్తనాల గాదెకి వేసే తాళం లాంటిది.

విత్తనం అన్నాను కాబట్టి మా జహీరాబాద్ సంగతి చెప్పాలి. ఇక్కడికి దగ్గర్లోనే పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళ చోటు. చుట్టుపక్కల ఊళ్ళలో సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది విత్తనాలు ఇళ్ళలోనే దాస్తారు. బూడిద, వేపాకు కలిపి బుట్టలకి మట్టి పూసి మూస్తారు. ఒకరి దగ్గర లేకపోతే ఇంకొకరి దగ్గర తెచ్చుకుని, పంట వచ్చాక తిరిగిస్తారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర అని ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలని ఊరేగిస్తారు. కొట్లో హైబ్రిడ్ ప్యాకెట్ కొన్న రైతు వచ్చే ఏడు మళ్ళీ కొట్టుకే వెళ్ళాలి. ధర ఎంత, అసలు ఆ రకం దొరుకుతుందా లేదా అన్నది అతని చేతిలో ఉండదు.

వెండరింగ్ గొప్పదని చెప్పడానికి ఈ ఉదాహరణ ఎత్తుకుంటే సగమే నిజం. విత్తనం దాచుకుని ఏటా నాటకపోతే చచ్చిపోతుంది. ఆ ఆడవాళ్ళు దాచడమే కాదు, ఏటా నాటుతారు, గింజ గింజా ఏరి మంచివి పక్కన పెడతారు. కాపీ తెచ్చి ఫోల్డర్లో పడేసి మర్చిపోవడం దాచుకోవడం కాదు. ఈ తేడా మాట్‌ప్లాట్‌లిబ్‌లోనే ఇంకోచోట కనిపిస్తుంది, అదే మన తెలుగు దగ్గర.

అక్షరాలు గియ్యడానికి అది ఫ్రీటైప్ అనే లైబ్రరీని వాడుతుంది. గ్రాఫు సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించే పద్ధతేంటంటే, ముందే దాచిన బొమ్మతో కొత్త బొమ్మని పిక్సెల్ పిక్సెల్ పోల్చడం. ఫ్రీటైప్ వెర్షన్ మారితే అక్షరాల అంచులు వెంట్రుకవాసి కదుల్తాయి, అక్షరాలున్న పరీక్షలన్నీ తప్పుతాయి. అందుకని 2015లో వచ్చిన ఫ్రీటైప్ 2.6.1ని పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నారు. 3.10 దాకా అదే.

ఇక తెలుగు రాయాలంటే అక్షరాలు గీసేవాడొక్కడే సరిపోడు. ఏ హల్లు కింద ఏ ఒత్తు చేరాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అని పేర్చేవాడు ఇంకొకడు కావాలి. ఆ పని చేసే ప్రసిద్ధ లైబ్రరీ హార్ఫ్‌బజ్. పాత బ్లాగర్లకి గుర్తుండే ఉంటుంది, ఎక్స్‌పీలో సీడీ పెట్టి కాంప్లెక్స్ స్క్రిప్ట్ సపోర్ట్ వేసుకుంటే గానీ తెలుగు సరిగ్గా కనపడేది కాదని. అదే జబ్బు. 3.10 దాకా మాట్‌ప్లాట్‌లిబ్‌కి ఆ పేర్చేవాడు లేడు. ఒక్కో అక్షరాన్నీ వరసగా పక్కపక్కన పెట్టుకుంటూ పోయేది. పైగా 2017లో వచ్చిన 2.0 నుంచి దానితో పాటు వచ్చే డెజావు ఫాంటులో తెలుగే లేదు.

మా మండలం వానల లెక్కలతో గ్రాఫు వేసి, పక్కన "వర్షపాతం" అని తెలుగులో పెట్టి చూశాను. మొదట ఉత్త డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటు పెట్టాక, ర కింద చేరాల్సిన ష ఒత్తు చేరకుండా రకి పొల్లు, దాని పక్కన నిండు ష. చదివేవాడికి అర్థమవుతుందిలే అని ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అంటారు. ఊళ్ళో రైతుకి చూపించే గ్రాఫులో ఒత్తులు విరిగి ఉంటే, ఇది మన కోసం చేసింది కాదని అతనికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. అందరూ చివరికి "రెయిన్‌ఫాల్" అని ఇంగ్లీషులో పెట్టి వదిలేస్తారు. ఒక భాష ఇలా నిశ్శబ్దంగా తప్పుకుంటుంది, ఎవరూ దాన్ని నిషేధించక్కర్లేదు.

దారులు లేకపోలేదు. ఆంటొనీ లీ రాసిన ఎంపీఎల్‌కైరో వాడితే రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా ఒత్తులు సరిగ్గా వస్తాయి. లేదంటే బొమ్మని ఎస్‌వీజీగా దాచి, సెట్టింగుల్లో ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌కి నన్ అని పెడితే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, పేర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది. కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి, అంతే. రాక్మ్, హార్ఫ్‌బజ్‌లని అసలు లైబ్రరీలోకే తెచ్చి, ఫ్రీటైప్‌ని కూడా కొత్తది చేసే పనిని ఆ ప్రాజెక్టువాళ్ళు 2025లో చేపట్టారు. అంటే దాచిన పరీక్షల బొమ్మలని కుప్పలు కుప్పలుగా మళ్ళీ తయారుచేసుకోవాలి. పదేళ్ళు నాటని విత్తనాన్ని మళ్ళీ పొలంలో పెట్టడం అంత పని అది.

డిపెండెన్సీలు తగ్గించండి అని సలహా ఇవ్వడం తేలిక. ఇక్కడ మాత్రం ఒక డిపెండెన్సీ లేకపోవడమే మన లోటు. ఏది అరువు తెచ్చుకోవాలో నిర్ణయించినవాళ్ళకి మూర్ఛ రోగుల డేటా కనపడింది, నక్షత్రాలు కనపడ్డాయి, ఒత్తులు కనపడలేదు. అది వాళ్ళ తప్పు అనను. ఆ గదిలో తెలుగు రాసేవాడు లేడు, అంతే. హార్ఫ్‌బజ్ కోడ్ చదవడానికి ఓపిక లేకపోయినా ఒక పని చెయ్యొచ్చు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా "స్త్రీ", "వర్షపాతం", "జ్యోత్స్న" లాంటి నాలుగు మాటలతో ఒక గ్రాఫు గీసి చూసి, ఎక్కడ విరిగిందో వాళ్ళకి రాసి పంపండి. పది నిమిషాల పని. ఇంతమంది తెలుగు ఇంజినీర్లం ఉన్నాం కదా, ఆ పది నిమిషాలు మనలో ఎవరో ఒకరికి దొరక్కపోవు.