హోమ్ థియేటర్‌కు ఎల్‌ఈడీ లైట్లు పెడుతున్నారా? స్పీకర్ వైరుకు నేరుగా కలిపారో.. యాంప్లిఫయర్‌కే ముప్పు!

పాట బీట్‌కు తగ్గట్టు గదిలో లైట్లు వెలిగి ఆరుతుంటే ఆ సరదానే వేరు. అందుకే హోమ్ థియేటర్ ఉన్న చాలామంది ఓ ఎల్‌ఈడీ స్ట్రిప్ కూడా తెచ్చుకుంటారు. స్పీకర్ వెనుక రెండు వైర్లు ఉన్నాయి కదా అని కొందరు స్ట్రిప్‌ను వాటికే కలిపేస్తారు. సరిగ్గా ఇక్కడే తేడా కొడుతుంది.

ఎందుకు కలపకూడదు?

మామూలు స్ట్రిప్‌కు నిలకడగా 12 వోల్టుల డీసీ కావాలి. స్పీకర్ వైరులో అది ఉండదు. వాల్యూమ్‌ను బట్టి వోల్టేజ్ మారుతూనే ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకర్‌కు 10 వాట్స్ వెళ్తుంటే సుమారు 9 వోల్టులు. అదే 50 వాట్స్ అయితే 20 వోల్టులు, బీట్ పడిన క్షణంలో 28 దాకా వెళ్తుంది. అంటే సౌండ్ తగ్గిస్తే లైట్లు సరిగా వెలగవు, పెంచితే మాడిపోతాయి. పైగా ఆ సిగ్నల్‌లో ప్లస్, మైనస్ తారుమారవుతూ ఉంటాయి. ఉల్టా వోల్టేజ్‌ను ఎల్‌ఈడీలు పెద్దగా తట్టుకోలేవు.

అసలు ముప్పు ఇదే

చాలా చిన్న యాంప్లిఫయర్ బోర్డులు, కారు స్టీరియోలు 'బ్రిడ్జ్' పద్ధతిలో పనిచేస్తాయి. వీటిలో స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు. అందులోనూ సిగ్నల్ ఉంటుంది. యాంప్లిఫయర్, లైట్లు ఒకే అడాప్టర్‌పై నడుస్తున్నప్పుడు లైట్ల మైనస్‌ను స్పీకర్ మైనస్‌కు కలిపితే షార్ట్ అయినట్టే. బోర్డులోని ఐసీ కాలిపోవచ్చు.

మరి ఎలా కలపాలి?

* మైక్ ఉన్న మ్యూజిక్ కంట్రోలర్ తీసుకోండి. ఇది గదిలోని శబ్దాన్ని విని లైట్లను ఆడిస్తుంది. స్పీకర్‌కు ఒక్క వైరు కూడా కలపక్కర్లేదు.

* వరుస ఇలా ఉండాలి: ముందు అడాప్టర్, తర్వాత కంట్రోలర్, చివర స్ట్రిప్. కంట్రోలర్‌ను స్పీకర్‌కు దగ్గర్లో పెట్టి, సెన్సిటివిటీని నెమ్మదిగా సరిచేసుకోండి.

* లైట్లకు విడిగా అడాప్టర్ వాడండి. మీటరుకు 60 లైట్లుండే 5050 రకం స్ట్రిప్ 5 మీటర్లకు సుమారు 72 వాట్స్, అంటే 6 ఆంప్స్ తీసుకుంటుంది. దానికి 8 ఆంప్స్ అడాప్టర్ అయితే వేడెక్కకుండా నడుస్తుంది. కంట్రోలర్ కూడా కనీసం 6 ఆంప్స్ మోసేదై ఉండాలి.

* స్ట్రిప్‌ను కత్తెర గుర్తు ఉన్న చోటే కత్తిరించాలి. లేదంటే ఆ ముక్కలోని లైట్లు వెలగవు.

* లైట్లు వేయగానే స్పీకర్‌లో గుయ్‌మని శబ్దం వస్తోందా? లైట్ల వైర్లను ఆడియో కేబుల్‌కు దూరంగా జరిపి చూడండి.

ఇది మాత్రం అస్సలు చేయొద్దు

పండగలకు వాడే సీరియల్ బల్బులు చాలావరకు నేరుగా 230 వోల్టుల కరెంటుతో నడుస్తాయి. వాటి వైర్లు స్పీకర్ టెర్మినల్స్‌కు తగిలితే సిస్టమ్ పోవడమే కాదు, ముట్టుకున్నవారి ప్రాణాలకే ప్రమాదం. ఏ వైరు కలపాలన్నా ముందు ప్లగ్గులు తీసేయండి. అడాప్టర్‌ను కర్టెన్ల వెనుక, సోఫా కింద కుక్కకుండా గాలి తగిలే చోట ఉంచండి.

ఒక్క మాటలో చెప్పాలంటే.. లైట్లకు కరెంటు అడాప్టర్ నుంచి, బీట్ మైక్ నుంచి. స్పీకర్ వైరు జోలికి మాత్రం వెళ్లొద్దు.