పుట్టిననాడే పుంజా, పెట్టా?



వంద గుడ్లు పొదిగించి పిల్లల్ని తీస్తే వాటిలో యించుమించు సగం పుంజులే అవుతాయి. గుడ్లమీద బతికేవాడికి అవి దండగ. గుడ్డు పెట్టవు గాని దాణా దగ్గర పెట్టలకేమీ తీసిపోవు. వాటిని పోల్చుకునేసరికి వారాలు గడుస్తాయి, దాణా ఖర్చు అయిపోతుంది. అందుకే పిల్ల బయటపడిన నాడే దాన్ని పోల్చాలన్న తాపత్రయం చాలా పాతది.

పూర్వులు గుడ్డు చూసే చెప్పాలనుకున్నారు. గ్రీసు దేశపు అరిస్టాటిల్ పొడుగ్గా, కోసుగా వున్న గుడ్డులో పెట్ట వుంటుందన్నాడు. రోము నగరపు ప్లినీ, కాదు, గుండ్రటి గుడ్డులోనే పెట్ట అని రాశాడు. పెద్దలిద్దరూ చెరొక దారి పట్టారు. నిజానికి గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకీ యే సంబంధమూ లేదు.

అసలు దారి కోడి జుట్టు దగ్గర మొదలయింది. ఒంటి రంపంలాంటి జుట్టు, గులాబి జుట్టు, బఠాణీ జుట్టు అని కోళ్లలో రకాలున్నాయి గదా. ఇంగ్లండులో విలియం బేట్సన్ వీటిని సంకరం చేసి చూసి, మెండెల్ మొక్కల్లో కనిపెట్టిన లెక్క కోళ్లకీ వర్తిస్తుందని 1902లో ప్రకటించాడు. అయితే జుట్టు ఆకారం కొడుకులకీ కూతుళ్లకీ ఒక్కలాగే దిగుతుంది. దాన్నిబట్టి పుట్టిననాడు పుంజునీ పెట్టనీ విడదీయలేం.

ఆ పని ఈక చేసింది. చారల ప్లిమత్ రాక్ కోళ్లలో చార వచ్చే తీరు పుంజుకొకలా, పెట్టకొకలా వుండటానికి కారణాన్ని 1908లో అమెరికాలో స్పిల్‌మన్ వివరించాడు. సంగతి యిది. పుంజు శరీరంలో ఆ లక్షణానికి రెండు చోట్లున్నాయి, పెట్టలో ఒక్కటే. తల్లి తన దగ్గరున్న ఆ ఒక్కదాన్ని కొడుకులకే యిస్తుంది. కూతుళ్లకి తండ్రి యిచ్చిందే గతి. అంటే కొడుకులు తల్లి గుర్తు తెచ్చుకుంటారు, కూతుళ్లు తండ్రి గుర్తు తెచ్చుకుంటారు.

1914లో మొదలైన మహాయుద్ధంలో బ్రిటనుకి తిండిగింజలు కరువయినాయి. కోళ్లకి వేసే ప్రతి గింజకీ లెక్క చెప్పవలసి వచ్చింది. అప్పుడు కేంబ్రిడ్జి ఆచార్యుడు పన్నెట్, యీ సూత్రంతో మొదటిరోజునే పుంజుపిల్లల్ని వేరు చేయవచ్చునని సూచించాడు. యుద్ధం తరువాత అది కోళ్ల పెంపకందార్ల చేతికి వచ్చింది.

రెండు ఉదాహరణలు చెబుతాను. ఎర్ర రోడ్ ఐలండ్ పుంజుని తెల్ల ఒంటి లైట్ ససెక్స్ పెట్టతో కలిపితే, లేత పసుపు నూగుతో వున్నవి పుంజుపిల్లలు, ఎర్రమట్టి చాయవి పెట్టలు. అదే పుంజుని చారల రాక్ పెట్టతో కలిపితే పిల్లలన్నీ నల్లగానే వుంటాయి. కాని పుంజుపిల్ల తలమీద తెల్లటి మచ్చ వుంటుంది, పెట్టపిల్లకి వుండదు. జతని తిరగేసి, ససెక్స్ పుంజుకి ఎర్ర పెట్టని కలిపారా, పిల్లలన్నీ ఒకే చాయలో పుడతాయి. గుర్తు పోయినట్టే.

ఈక రంగే కాదు, ఈక పెరిగే వేగమూ యీ దారిలోనే నడుస్తుంది. దీన్ని రష్యాలో సెరెబ్రొవ్‌స్కీ 1922లోను, అమెరికాలో వారెన్ 1925లోను చూపించారు. త్వరగా ఈకలు వచ్చే జాతి పుంజుని, నెమ్మదిగా వచ్చే జాతి పెట్టతో కలపాలి. ఒకరోజు పిల్ల రెక్క విప్పి చూడండి. పెద్ద రెక్క ఈకలు పైన కప్పిన చిన్న ఈకలకన్న పొడుగ్గా వుంటే పెట్ట. రెండూ సమానంగా వుంటేనో, పెద్దవే పొట్టిగా వుంటేనో పుంజు. రెండు మూడు రోజులు దాటితే తేడా కలిసిపోతుంది. పెద్ద హేచరీల్లో నేటికీ యీ పద్ధతి వాడుకలో వుంది.

ఇక్కడ మన రైతు మోసపోయే చోటు ఒకటి వుంది. ఎర్ర పుంజు, ససెక్స్ పెట్టల పిల్లల్ని పెంచి, వాటిలో వాటినే జతకట్టి, మళ్లీ గుర్తు చూసుకోవచ్చు గదా అనుకుంటాడు. కుదరదు. ఆ రెండో తరంలో పుంజుల్లోనూ, పెట్టల్లోనూ రెండు చాయలూ సగం సగం వస్తాయి. లేత చాయవన్నీ పుంజులని అమ్మేస్తే, పోయినవాటిలో సగం గుడ్లు పెట్టవలసిన పెట్టలే! కనుక యీ గుర్తు మొదటి సంకరానికే చెల్లుతుంది. మేలిజాతి తల్లిదండ్రుల్ని విడివిడిగా నిలుపుకోవాలి, లేదా ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాలి.

ఈ యిబ్బంది తీర్చాలని పన్నెట్, పీజ్ అనే యిద్దరు 1930 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో కాంబార్ అనే జాతిని తయారుచేశారు. అందులో పుంజుకి చార రెండు పాళ్లు, పెట్టకి ఒక పాలు. అందుచేత పుంజుపిల్ల నూగు వెలిసినట్టు లేతగా వుంటుంది. అది తరతరానికీ నిలిచే గుర్తు. లెగ్‌బార్ మొదలైనవి దాని తరువాతివే.

ఏ జాతిలోనయినా పిల్ల వెనుకభాగం చూసి చెప్పే విద్యని జపాను వారు కనిపెట్టి, 1927లో కెనడాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో చూపించారు. దానికి దీర్ఘమైన శిక్షణ కావాలి, చేయి తిరగాలి.

మరి నాటుకోళ్లున్న యింటికి దారేమిటి? తల్లిదండ్రులు ఫలానా అని తెలియని పిల్లల్లో రెక్క ఈకనిగాని, రంగునిగాని నమ్మకండి. అక్కడ జుట్టే దిక్కు. రంపపు జుట్టు జాతుల్లో నాలుగు నుంచి ఆరు వారాలకి పుంజుపిల్ల జుట్టు పెరిగి యెర్రబడుతుంది, పెట్టది చిన్నగా, పాలిపోయి వుంటుంది. అసీలు రకాలకి బఠాణీ జుట్టు కనుక తేడా తొందరగా తేలదు, ఇంకా ఓపిక పట్టాలి.

పిల్లలు కొనబోయేటప్పుడు తండ్రి యే జాతి, తల్లి యే జాతి అని అడగండి. ఆ రెండు మాటలకీ జవాబు దొరికినప్పుడే ఈక చెప్పే సాక్ష్యానికి విలువ.